పలచబడని ఫలూదా ఇంట్లో చేయడం ఎలా

మే నెలలో విశాఖలో ఎండ మామూలుగా 34, 35 డిగ్రీల దగ్గరే ఉంటుంది. విజయవాడ ఎండ ముందు అది తక్కువే. కానీ సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి గాలి నిండా తేమే. చల్లటి గ్లాసు ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టిన నిమిషానికే చుట్టూ నీటి బొట్లు పడతాయి. గాలిలోని ఆవిరి అలా నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని గ్లాసుకు వదులుతుంది. అందుకే అంతే వేడి ఉన్న పొడి ఊరికంటే ఇక్కడ ఐస్‌క్రీమ్ త్వరగా కరిగిపోతుంది. ఇంట్లో ఫలూదా చేసినవాళ్ళు "రుచి బాగానే కుదిరింది గానీ నీళ్ళలా అయిపోయింది" అనడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం మన చేతిలోనే ఉంది. సరిగా మరగని పాలలో నీళ్ళుంటాయి. వడకట్టని సబ్జాలో, ఓడ్చని సేవ్‌లో (కార్న్‌ఫ్లోర్ ముద్దతో ఒత్తే సన్నటి పోగులు) నీళ్ళుంటాయి. ముందే కోసిపెట్టిన పండు నీరు వదులుతుంది. చల్లగా ఉంటుందని వేసిన ఐసు ముక్కలు నీళ్ళే. ఒక్కోటి కొంచెమే అనిపిస్తుంది, అన్నీ కలిసి గ్లాసును చప్పగా చేసేస్తాయి. కాబట్టి దేనికది విడిగా చేసి, విడిగా చల్లబరిచి, నీళ్ళన్నీ తీసేసి, తినే ముందు మాత్రమే కలపాలి. ఈ పద్ధతి పట్టుబడితే జగదాంబ సెంటర్లో తినే ఫలూదా కంటే మెరుగైనది ఇంట్లోనే వస్తుంది.

ఫలూదా మనకు పర్షియా నుంచి వచ్చింది. ఇరాన్‌లోని షీరాజ్‌లో ఇప్పటికీ దొరికే దాంట్లో పాలు ఉండవు. సగం గడ్డకట్టిన పంచదార పాకంలో సన్నటి పిండి సేవ్, పన్నీరు (గులాబీ నీరు), నిమ్మరసం ఉంటాయి. పాలు, సబ్జా, ఐస్‌క్రీమ్ మన దేశంలో చేరినవే. ఈ వంటకానికి అసలు ప్రాణం సేవే. అందుకే దాని గురించి కింద ఎక్కువగా చెబుతున్నాం.

కావలసినవి (ఆరు గ్లాసులకు)

పాలకు: ఫుల్ క్రీమ్ పాలు ఒక లీటరు, పంచదార 3 పెద్ద స్పూన్లు. సేవ్‌కు: కార్న్‌ఫ్లోర్ అరకప్పు (60 గ్రాములు), నీళ్ళు కప్పుంపావు (300 మి.లీ.), పంచదార ఒక చిన్న స్పూను, రెండు ట్రేల ఐసు. ఇవి కాక సబ్జా గింజలు 2 పెద్ద స్పూన్లు, గులాబీ సిరప్ 14 పెద్ద స్పూన్లు (జెల్లీకి వేసే రెండింటితో కలిపి), జెల్లీకి చైనా గ్రాస్ 5 గ్రాములు, పంచదార 2 పెద్ద స్పూన్లు, లేత తాటి ముంజలు ఆరు, వెనిల్లా ఐస్‌క్రీమ్ ఆరు స్కూపులు, పిడికెడు జీడిపప్పు. కప్పు అంటే 240 మి.లీ., పెద్ద స్పూను 15, చిన్న స్పూను 5.

కార్న్‌ఫ్లోర్ కొనేటప్పుడు జాగ్రత్త. పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు. చేతిలోకి తీసుకుని నలిపితే కిరకిరలాడే తెల్లటి మెత్తటి పొడి కావాలి. కస్టర్డ్ పౌడర్‌లో కార్న్‌ఫ్లోరే ఉన్నా రంగు, వాసన కలిసి ఉంటాయి కాబట్టి వద్దు. పాలగుండతో చేస్తే సేవ్ ఇంకా నిగనిగలాడుతుంది గానీ పాలలో పడ్డాక జారుడుగా తయారవుతుంది. సబ్జా, చైనా గ్రాస్ పూర్ణా మార్కెట్ పచారీ కొట్లలో అడగండి. సబ్జా గింజలు నల్లగా, నునుపుగా ఉంటాయి. బూడిద రంగులో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అవి చియా. చియా నానుతుంది గానీ సబ్జా అంత ఉబ్బదు.

ముందుగా పాలు

సాయంత్రం అయిదింటికి ఇవ్వాలంటే పాలు పొద్దున్నే మరిగించేయాలి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం ఉంటుంది కాబట్టి తక్కువ మరుగుకే చిక్కబడతాయి. టోన్డ్ పాలతో అదే చిక్కదనం కావాలంటే చాలాసేపు మరిగించాలి, అప్పుడు రంగు మారి కోవా వాసన వచ్చేస్తుంది, గులాబీ సువాసన దానికింద అణిగిపోతుంది.

దళసరి అడుగున్న వెడల్పాటి గిన్నెలో పాలు పోసి, చెక్క గరిటె కాడ నిలువుగా ముంచి పాలు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టుకోండి. ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి, అంచులకు అంటుకున్న మీగడను మళ్ళీ పాలలోకే గీకుతూ 20, 25 నిమిషాలు మరిగించండి. గరిటె కాడ మీద పావు వంతు తగ్గినట్టు కనబడాలి, అంటే లీటరు పాలు 750 మి.లీ. కావాలి. అంతకంటే చిక్కగా కాస్తే రబ్డీ అవుతుంది. అది స్పూనుతో తినడానికి బాగుంటుంది గానీ సేవ్ మధ్యలోకి దిగదు.

పంచదార దించే ముందు వేయండి. వేడిగా ఉన్నప్పుడు రుచి చూస్తే కొంచెం ఎక్కువైందనిపించాలి, ఎందుకంటే చల్లబడితే నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. అలాగని మరీ పోయకండి, అడుగున గులాబీ సిరప్ ఉంటుంది. ఏలకుల పొడి వేయాలనిపిస్తుంది. గులాబీ వాడేటట్టయితే వేయకండి, రెండూ కలిస్తే ఏదీ తెలియదు.

చల్లార్చేటప్పుడు గిన్నె మీద మూత పూర్తిగా పెట్టకండి. ఆవిరి మూతకు తగిలి నీరై మళ్ళీ పాలలోనే పడుతుంది, ఇరవై నిమిషాలు మరిగించి పోగొట్టిన నీళ్ళు కొన్ని తిరిగి వచ్చేస్తాయి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి గిన్నె దాంట్లో ఉంచి, మీగడ కట్టకుండా మధ్యమధ్య కలపండి. ఈ ఊరి వేడికి పాలను బయట గంటకు మించి ఉంచకూడదు. గోరువెచ్చగా అయితే చాలు, ఫ్రిజ్‌లోకి మార్చండి. కనీసం నాలుగు గంటలు చల్లబడాలి. వడ్డించడానికి ఇరవై నిమిషాల ముందు డీప్ ఫ్రీజర్‌లో పెడితే అంచుల్లో ఐసు పలుకులు కడతాయి. అదే సరైన చల్లదనం.

జెల్లీ

చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి తీసినది, శాకాహారం. పోగులను ముక్కలు చేసి అర లీటరు నీళ్ళలో పావుగంట నానబెట్టి, అవే నీళ్ళతో పొయ్యి మీద పెట్టండి. ఒక్క పోగు కూడా కనబడనంత వరకు మరగాలి. సగం కరిగాక దించేస్తే జెల్లీ అక్కడక్కడా గట్టిగా, అక్కడక్కడా నీళ్ళగా వస్తుంది. రెండు పెద్ద స్పూన్ల పంచదార వేసి, దించాక రెండు పెద్ద స్పూన్ల గులాబీ సిరప్ కలిపి, వడకట్టి, పళ్ళెంలో అర అంగుళం మందాన పోయండి. పులుపున్నదేదైనా దించాకే కలపాలి, దాంతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గిపోతుంది.

ఇది 40 డిగ్రీల లోపుకు దిగగానే గట్టిపడటం మొదలుపెడుతుంది. కాబట్టి కరెంటు పోయినా బయటే గడ్డకడుతుంది, ఒకసారి కట్టాక ఈ వేసవికి కరగదు. జెలటిన్ జెల్లీ అలా కాదు, మన గది వేడికే జావగారిపోతుంది.

గులాబీ సిరప్

కొన్న సిరప్ వాడుకోవచ్చు, తప్పేమీ లేదు. ఇంట్లో చేసుకుంటే మాత్రం సువాసన వేరు. రెండు కప్పుల (400 గ్రాముల) పంచదారకు ఒక కప్పు నీళ్ళు పోసి, కరిగాక నాలుగైదు నిమిషాలు మరిగించండి. వేళ్ళ మధ్య జిగురుగా తగిలితే చాలు, తీగ రాకూడదు. తీగపాకం వస్తే ఫ్రిజ్‌లో పంచదార పలుకులు తేలతాయి. దించి చిన్న స్పూను నిమ్మరసం వేయండి. పలుకు కట్టకుండా ఆపేది అదే. రంగుకు రెండు పల్చటి బీట్‌రూట్ చక్రాలు వేసి అయిదు నిమిషాలుంచి తీసేయండి, ఇంకాసేపుంటే మట్టి వాసన పడుతుంది. పూర్తిగా చల్లారాక వంటకు వాడే పన్నీరు రెండు పెద్ద స్పూన్లు కలపండి. వేడి పాకంలో పోస్తే సువాసన ఆవిరైపోతుంది.

రేకులతో చేయాలనుకుంటే పెరట్లో మందు కొట్టకుండా పెంచిన పన్నీరు గులాబీలే వాడండి. దండల కోసం పూల మార్కెట్‌కు వచ్చే గులాబీలకు పురుగు మందులు కొట్టి ఉంటారు, ఎంత కడిగినా తినే వంటలో వేయకూడదు.

సేవ్: తొందరపడకూడని పని

ఇది వడ్డించడానికి గంటన్నర ముందు మొదలుపెట్టండి. పొయ్యి వెలిగించకముందే మూడు ఏర్పాట్లు చేసుకోవాలి. ఒకటి, వెడల్పాటి గిన్నెలో లీటరు తాగే నీళ్ళు పోసి ఒక ట్రే ఐసు వేసి ఉంచండి. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, అవి పనికిరావు. పైగా సేవ్‌ను మళ్ళీ ఉడికించం కాబట్టి నీళ్ళు, ఐసు రెండూ కాచి చల్లార్చినవో వడపోసినవో అయి ఉండాలి. రెండు, జంతికల గొట్టానికి అన్నిటికంటే సన్నటి కారప్పూస బిళ్ళ బిగించండి. మూడు, ఆ గొట్టాన్ని వాసన చూడండి. కిందటిసారి కారప్పూస వేసిన నూనె వాసన ఉంటే సేవ్‌కు పట్టేస్తుంది, పాలలో నూనె చుక్కలు తేలతాయి. మరిగే నీళ్ళూ సబ్బుతో రెండుసార్లు కడగండి. చెక్క గొట్టం నూనె పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇత్తడిదో స్టీలుదో మేలు, కానీ చెయ్యి కాలుతుంది, దళసరి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్ళలోనే కలపాలి. వేడి నీళ్ళలో వేస్తే పైపొర వెంటనే ఉడికి లోపల పొడి మిగిలిపోయి ఉండలు కడుతుంది. పంచదార కూడా వేసి, నాన్‌స్టిక్ గిన్నెలో మధ్యస్థంగా మంట పెట్టి ఆపకుండా తిప్పండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అడుగున గడ్డలు కడుతూ తెల్లటి ముద్దగా మారుతుంది. కార్న్‌ఫ్లోర్ 65, 70 డిగ్రీల దగ్గర నీళ్ళు పీల్చుకుని ఉబ్బే దశ అది. చాలామంది ఇక్కడే దించేస్తారు, సేవ్ పాడయ్యేదీ ఇక్కడే. ఆ తెల్లటి ముద్దలో పిండి ఇంకా పూర్తిగా ఉడకలేదు. దాన్ని ఒత్తితే సేవ్ నీళ్ళలో పడగానే తెగిపోతుంది, నీళ్ళు తెల్లబడతాయి, నోట్లో పచ్చిపిండి రుచి తగులుతుంది.

మంట తగ్గించి ఇంకో నాలుగైదు నిమిషాలు గట్టిగా మెదుపుతూ ఉడికించండి. తెలుపు అంచుల నుంచి మధ్యకు క్రమంగా పోతుంది. గరిటె మీది ముద్ద అవతల వెలుతురు కనబడేలా, గాజురంగుకు రావాలి. గిన్నె అంచులు వదిలి ఒకచోటికి చేరుతుంది, గరిటె ఎత్తితే ధారగా జారకుండా బరువుగా ముద్ద ముద్దగా పడుతుంది. అనుమానంగా ఉంటే చిటికెడు ముద్ద ఐసు నీళ్ళలో వేసి అర నిమిషం ఆగి వేళ్ళతో నొక్కండి. సాగి వెనక్కి రావాలి. చితికిపోతే ఇంకా ఉడకాలి. మరీ గట్టిపడి గరిటె తిరగకపోతే రెండు స్పూన్ల మరిగే నీళ్ళు పోసి మెదపండి. పలచగా ఉంటే ఇంకాసేపు ఉడికించండి, పొడి పిండి మాత్రం కలపకండి.

ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ముద్ద చల్లారితే గొట్టంలోనే గడ్డకట్టి ఎంత బలం పెట్టినా దిగదు. సగం ముద్ద గొట్టంలో నింపి, మిగతా సగాన్ని గిన్నెలోనే మూతపెట్టి, ఆ గిన్నెను మరిగే నీళ్ళ గిన్నెలో ఉంచండి. గొట్టం చివర నీళ్ళకు రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి. నీళ్ళకు తగిలితే చిల్లులలోనే ముద్ద బిగుసుకుంటుంది. ఒకేచోట ఒత్తకుండా గిన్నె చుట్టూ తిప్పుతూ ఒత్తండి, లేకపోతే పోగులు ఒకదాని మీద ఒకటి పడి అతుక్కుంటాయి. మొదటి విడత అయ్యేసరికి ఐసు సగం కరిగి ఉంటుంది, రెండో ట్రే అప్పుడు వేయండి.

పది నిమిషాల్లో సేవ్ బిగుస్తుంది. ఒక పోగు తీసి వేళ్ళ మధ్య లాగితే కొంచెం సాగి తెగాలి, కొరికితే పంటికి కాస్త ఎదురు తిరగాలి. వడ్డించే దాకా ఆ చల్లటి నీళ్ళలోనే ఉండనివ్వండి. మూడు గంటలకు మించితే తెల్లబడి పెళుసెక్కుతుంది. ఉడికిన పిండిపదార్థం చలిలో మళ్ళీ దగ్గరకు బిగుసుకోవడమే కారణం. అందుకే ముందు రోజు రాత్రి చేసి ఫ్రిజ్‌లో దాచిన సేవ్ ఎప్పుడూ బాగుండదు. తప్పక దాచాల్సి వస్తే వడ్డించే ముందు మరిగే నీళ్ళలో నిమిషం ముంచి మళ్ళీ ఐసు నీళ్ళలో వేస్తే కొంత మెత్తబడుతుంది. గ్లాసులో వేయడానికి అయిదు నిమిషాల ముందు చిల్లుల గిన్నెలోకి తీసి, నాలుగైదుసార్లు ఎగరేసి నీళ్ళు పూర్తిగా ఓడ్చేయండి.

ఒత్తే ఓపిక లేకపోతే కొట్లో దొరికే ఫలూదా సేవ్ ప్యాకెట్ వాడుకోండి, పలుకు పోయేదాకా ఉడికించి చల్లటి నీళ్ళతో కడగాలి. గోధుమ సేమ్యా మాత్రం వద్దు. పాలు పీల్చి ఉబ్బిపోయి పాయసం అవుతుంది.

సబ్జా, ముంజలు, పండ్లు

సబ్జాను పొడిగా ఉన్నప్పుడే పళ్ళెంలో పరిచి రాళ్ళు, పుల్లలు ఏరేయండి, నీళ్ళు తగిలాక ఏరడం కుదరదు. రెండు కప్పుల నీళ్ళలో గింజలు చల్లుతూ కలపండి. నీళ్ళు తక్కువైతే ముద్ద కట్టి మధ్యలోవి నానవు. పావుగంట చాలు. పాలలో నేరుగా వేస్తే సరిగా ఉబ్బవు. తర్వాత టీ జాలీలో పోసి పది నిమిషాలు వదిలేయండి. ఎన్ని నీళ్ళు కారతాయో చూస్తే ఫలూదా ఎందుకు పలచబడుతుందో తెలిసిపోతుంది. చిన్నపిల్లలకు సరిగా నానని సబ్జా పెట్టకండి, గొంతులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది.

ముంజలు వేయడం షీరాజ్ వాళ్ళకు తెలియదు, కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా భీమిలి రోడ్డు మీద తాటికాయలు చెక్కి అమ్ముతుంటే వేరే పండు వెతకడం ఎందుకు. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగి, లోపల నీరు కదలాలి. గట్టిగా, తెల్లగా ఉన్నవి ముదిరినవి, పాలలో రబ్బరులా తగులుతాయి. పైన ఉండే లేత గోధుమరంగు తొక్క పూర్తిగా ఒలిచేయండి, వగరంతా దానిదే. లోపలి నీరు విడిగా తాగేసి, గుజ్జును చిన్న ముక్కలుగా కోయండి. కోయడం మాత్రం గ్లాసులు సర్దేటప్పుడే. ముందే కోసి పంచదార చల్లి ఉంచితే, పంచదార ముక్కల్లోని నీటిని బయటికి లాగేస్తుంది.

ముంజలు దొరకని రోజుల్లో మామిడి వేయండి. మన విశాఖ, విజయనగరం వైపు కాసే సువర్ణరేఖ ముందుగా వస్తుంది, బంగినపల్లి తర్వాత. రెంటినీ ముక్కలు కోయొచ్చు. పీచున్న రసాలు ముక్కకు నిలబడవు. పండు పూర్తిగా మాగినదే కావాలి, పులుపు ఉంటే పాలు విరిగినట్టు అవుతాయి. మామిడి వేస్తే గులాబీ సిరప్ సగానికి తగ్గించండి. అనకాపల్లి బెల్లంతో చేయొచ్చా అని అడుగుతుంటారు. చేయొచ్చు, కాకపోతే బెల్లాన్ని పాకం పట్టి వడకట్టి చల్లార్చి సిరప్ స్థానంలో అడుగున పోయాలి, గులాబీ మానేయాలి. మరిగే పాలలో బెల్లం వేస్తే మాత్రం విరిగిపోతాయి. అదే జాగ్రత్త నిమ్మ ఉన్న గులాబీ సిరప్‌కూ వర్తిస్తుంది, వేడి పాలలో ఎప్పుడూ పోయకండి.

గ్లాసు సర్దడం

300 మి.లీ. పట్టే దళసరి గాజు గ్లాసులు ఇరవై నిమిషాల ముందు ఫ్రీజర్‌లో పెట్టండి. ఐస్‌క్రీమ్ స్కూపులను కూడా ముందే తీసి పళ్ళెంలో వరుసగా పెట్టి మళ్ళీ గడ్డకట్టనివ్వండి. ఒక్కో గ్లాసుకు స్కూపు తీస్తూ కూర్చుంటే ఆరో గ్లాసు నిండేసరికి మొదటి గ్లాసు కరిగిపోతుంది.

అడుగున గులాబీ సిరప్ ఒకటిన్నర పెద్ద స్పూన్లు. దానిమీద ఓడ్చిన సబ్జా రెండు స్పూన్లు, ఆపైన సేవ్ మూడు స్పూన్లు, తర్వాత జెల్లీ ముక్కలు, ఒక ముంజ ముక్కలు. పాలు పోసేటప్పుడు స్పూను వెనక్కి తిప్పి దానిమీదుగా నెమ్మదిగా 120 మి.లీ. పోయండి, అప్పుడు ఎర్రటి సిరప్ అడుగునే నిలుస్తుంది. గబుక్కున పోస్తే అన్నీ కలిసి మొత్తం గులాబీరంగు పాలైపోతుంది. రుచికి తేడా లేదు, చూపుకే. పైన ఐస్‌క్రీమ్, దానిమీద మిగిలిన అర స్పూను సిరప్, చివరగా దోరగా వేయించి చల్లార్చిన పలాస జీడిపప్పు పలుకులు. జీడిపప్పు పాలలో మునిగితే మెత్తబడుతుంది కాబట్టి పైనే ఉండాలి.

ఐసు ముక్కలు వేయకండి. ఇంకా చల్లగా కావాలనేవాళ్ళ కోసం మరిగించిన పాలనే కొన్ని ఐసు ట్రేలో గడ్డకట్టించి రెండు ముక్కలు వేయండి, అవి కరిగినా పాలే అవుతాయి. పొడవాటి స్పూను ఇచ్చి, అడుగు నుంచి పైకి ఒక్కసారి కలిపి తినమనండి. చేతికిచ్చాక పది నిమిషాల్లో తినేయాలి.

సేవ్ మిగిలితే దాచకండి. సబ్జా వడకట్టి మూతపెడితే ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంటుంది, జెల్లీ రెండు రోజులు, ఇంట్లో చేసిన సిరప్ నెల రోజులు. మిగిలిన పాలలో రెండు స్పూన్ల పాలపొడి, ముక్కలు చేసిన జీడిపప్పు కలిపి కుల్ఫీ అచ్చుల్లో పోసి ఎనిమిది గంటలు గడ్డకట్టించండి. మర్నాడు వెనిల్లా ఐస్‌క్రీమ్ బదులు దాన్నే ఫలూదా మీద పెట్టుకోవచ్చు. సేవ్ ఒక్కటే తాజాగా ఒత్తుకుంటే సరిపోతుంది.